ఇంటిగుట్టు దాచని అడ్మిన్ ప్యానెళ్ళు

2020 ఆగస్టు 11న వర్డ్‌ప్రెస్ 5.5 విడుదలైంది. అప్‌డేట్ చేసుకున్న సైటు నిర్వాహకులు ఎందరో ఆ వారమంతా తలలు పట్టుకున్నారు. కొందరికి మొదటి పేజీలో స్లైడర్ కదలడం మానేసింది. కొందరికి అడ్మిన్ ప్యానెల్లో ట్యాబులు తెరుచుకోలేదు, ఫొటో ఎంచుకునే బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. సర్వర్ బాగానే ఉంది, డేటాబేస్ బాగానే ఉంది. పోయిందల్లా జేక్వెరీ మైగ్రేట్ అనే చిన్న ఫైలు. జేక్వెరీ అంటే బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ లైబ్రరీ. కొత్త జేక్వెరీలో తీసేసిన పాత ఫంక్షన్లు ఇంకా ఉన్నట్టే నడిపించడం ఆ ఫైలు పని. ఇకమీదట దాన్ని తనంతట తాను లోడ్ చెయ్యనని వర్డ్‌ప్రెస్ నిర్ణయించుకుంది. దాని ఊతం మీద నిలబడ్డ ప్లగిన్లు కూలబడ్డాయి.

ఆ ప్లగిన్లు చేసిన తప్పేమిటో చూస్తే విషయం ఎంత లోతుగా ఉందో అర్థమవుతుంది. ఉదాహరణకు ‘లైవ్’ అనే ఫంక్షన్‌ను జేక్వెరీ 1.9లో, అంటే 2013 జనవరిలో తొలగించారు. ఏడేళ్ళ కిందట పోయిన ఫంక్షన్‌ను పిలిచే కోడ్ 2020 ఆగస్టు దాకా నిక్షేపంగా నడిచింది. రాసినవాళ్ళకు తెలియలేదు, వాడినవాళ్ళకు తెలియలేదు. వర్డ్‌ప్రెస్ బృందం హుటాహుటిన ఒక సహాయ ప్లగిన్ తెచ్చింది. తీసేసిన ఫైలును తిరిగి పెట్టడమే దాని పని. ఆ డిసెంబరులో 5.6తో జేక్వెరీ 1.12.4 నుంచి 3.5.1కి మారింది. దానితోపాటు మైగ్రేట్ ఫైలు కొత్త రూపంలో మళ్ళీ లోపలికి వచ్చింది. 2023 నవంబరులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.4లో కూడా అది ఉంది.

ఇది వర్డ్‌ప్రెస్ ఒక్కదాని కథ కాదు. జూమ్లా, ద్రూపల్, మజెంటో, యీ, ఫ్రాప్పే, జాంగో అడ్మిన్ — వీటిలో దేన్ని తెరిచినా ఇలాంటి కథ ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. అన్నీ మాడ్యూళ్ళుగా కట్టినవే. ఒక భాగం పాతబడితే దాన్ని ఊడదీసి కొత్తది బిగించుకోవచ్చన్న భరోసాతోనే మాడ్యూళ్ళుగా కట్టుకుంటాం. మరి బ్రౌజర్ వైపు లైబ్రరీలే ఎందుకు ఏళ్ళ తరబడి కదలకుండా ఉండిపోతాయి? బద్ధకం అనో, డబ్బు లేదనో చెప్పే జవాబులు సగం నిజాలు మాత్రమే. నా ఉద్దేశంలో అసలు కారణం నిర్మాణంలోనే ఉంది. ఈ ఫ్రేమ్‌వర్కులు సర్వర్ వైపు మాడ్యూళ్ళను పాటించాయి కాని బ్రౌజర్ వైపు పాటించలేదు. అరువు తెచ్చుకున్న లైబ్రరీని తమ గడప లోపల ఉంచుకోకుండా వచ్చినవాళ్ళందరి చేతికీ ఇచ్చాయి.

1972 డిసెంబరులో కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ పార్నస్ అమెరికాలోని కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ప్రోగ్రామును మాడ్యూళ్ళుగా విడగొట్టడానికి ప్రమాణం ఏమిటన్నది అందులోని ప్రశ్న. అప్పటిదాకా జనం పనుల వరుసను బట్టి విడగొట్టేవారు: చదవడం ఒక మాడ్యూల్, వరుసలో పేర్చడం ఒక మాడ్యూల్, అచ్చు వెయ్యడం ఒక మాడ్యూల్. పార్నస్ అలా కాదన్నాడు. రేపు మారే అవకాశం ఉన్న నిర్ణయాలేవో ముందు గుర్తించి, ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో మాడ్యూల్ కడుపులో దాచమన్నాడు. బయటివాళ్ళకు ఆ నిర్ణయం తెలియకూడదు. తెలియకపోతేనే దాన్ని మార్చుకునే స్వేచ్ఛ మిగులుతుంది. మనవాళ్ళు ఇంటిగుట్టు లంకకు చేటు అన్నది వేరే సందర్భంలో అయినా, ఈ సూత్రానికి అంతకన్నా దగ్గర మాట తెలుగులో లేదు. గుట్టు బయటపడిన ఇల్లు తన ఇష్టప్రకారం ఒక్క గోడ కూడా మార్చుకోలేదు.

అడ్మిన్ ఫ్రేమ్‌వర్కుల్లో రేపు తప్పకుండా మారే నిర్ణయం ఏదైనా ఉందంటే అది ఫ్రంట్‌ఎండ్ లైబ్రరీయే. జాన్ రెసిగ్ 2006లో జేక్వెరీ తెచ్చాడు. ట్విట్టర్‌లో పనిచేసే మార్క్ ఒట్టో, జేకబ్ థార్న్‌టన్ 2011 ఆగస్టులో బూట్‌స్ట్రాప్ తెచ్చారు. తర్వాత యాంగ్యులర్‌జేఎస్, రియాక్ట్, వ్యూ. కొన్నేళ్ళకొకసారి గాలి మారింది. మారుతుందని తెలిసిన ఆ ఒక్క నిర్ణయాన్నే వీళ్ళు నడివీధిలో పెట్టారు.

ఎలా పెట్టారో కొంచెం వివరంగా చెప్పాలి. పీహెచ్‌పీలో గాని పైథాన్‌లో గాని రెండు మాడ్యూళ్ళకు వేరువేరు నేమ్‌స్పేస్‌లు ఉంటాయి. ఒకదాని లోపలి పేర్లు మరోదానికి తగలవు. బ్రౌజర్‌లో అలా కాదు. ఒక పేజీలో లోడైన స్క్రిప్టులన్నిటికీ ఒకటే గ్లోబల్ ఆవరణ. జేక్వెరీ అందులో డాలర్ గుర్తు అనే పేరు మీద కూర్చుంటుంది. ముప్పై ప్లగిన్లుంటే ముప్పయ్యీ ఆ ఒక్క డాలర్ గుర్తునే పిలుస్తాయి. సీఎస్ఎస్ పరిస్థితి ఇంకా ఇబ్బంది: క్లాసు పేర్లకు గోడలే లేవు, ఒకరు రాసిన నియమం అందరి మీదా పడుతుంది. జావాస్క్రిప్ట్ భాషలోకే మాడ్యూళ్ళు 2015లో వచ్చాయి. బ్రౌజర్లు వాటిని నేరుగా నడపడం 2017, 2018ల్లో గాని కుదరలేదు. అంతకుముందే పుట్టిన ఫ్రేమ్‌వర్కులకు వేరే దారి లేకపోయిందన్న మాట నిజమే. కాని పూర్తి నిజం కాదు. నేమ్‌స్పేస్ లేకపోయినా గుట్టు దాచినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ సంగతి తర్వాత చెబుతాను.

ముందు జూమ్లా. ఈ ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడలేదు. 2012 సెప్టెంబరులో జూమ్లా 3.0 వచ్చింది. అడ్మిన్ ప్యానెల్ రూపాన్ని మొత్తంగా మార్చి బూట్‌స్ట్రాప్ 2 మీద కట్టారు. ఆ రోజుల్లో అది సాహసం, మంచి నిర్ణయం కూడా. ఎక్స్‌టెన్షన్లు రాసేవాళ్ళకు వరం దొరికినట్టయింది. తమ అడ్మిన్ స్క్రీన్లకు వేరే డిజైన్ అక్కర్లేదు, బూట్‌స్ట్రాప్ క్లాసు పేర్లు రాసేస్తే జూమ్లాతో కలిసిపోతాయి. వాళ్ళు రాశారు కూడా: రో-ఫ్లూయిడ్, స్పాన్6, బీటీఎన్-మినీ. వేలాది ఎక్స్‌టెన్షన్ల టెంప్లేట్లలో ఈ పేర్లు నాటుకుపోయాయి.

ఏడాది తిరగకుండానే, 2013 ఆగస్టులో బూట్‌స్ట్రాప్ 3 వచ్చింది. అందులో స్పాన్6 లేదు, దాని స్థానంలో కోల్-ఎండీ-6. రో-ఫ్లూయిడ్ లేదు. జూమ్లా మారితే ప్రతి ఎక్స్‌టెన్షన్ అడ్మిన్ స్క్రీనూ చెదిరిపోతుంది. వెనకటి వెర్షన్లతో పొత్తు కాపాడతామని జూమ్లా మాట ఇచ్చి ఉంది. అందుకని ఆగిపోయింది. బూట్‌స్ట్రాప్ 4 వచ్చింది 2018 జనవరిలో, జూమ్లా 3 ఇంకా బూట్‌స్ట్రాప్ 2.3.2 మీదే ఉంది. జూమ్లా 4ను మొదట బూట్‌స్ట్రాప్ 4తో తయారు చేస్తూ వచ్చారు, అది పూర్తయ్యేలోగా బూట్‌స్ట్రాప్ 5 వచ్చేసింది. చివరికి 2021 ఆగస్టు 17న జూమ్లా 4 బూట్‌స్ట్రాప్ 5తో విడుదలైంది. దాదాపు తొమ్మిదేళ్ళు. జూమ్లా 3కు మద్దతు 2023 ఆగస్టు దాకా సాగింది కాబట్టి, బూట్‌స్ట్రాప్ 2 ఆ అడ్మిన్ ప్యానెళ్ళలో మొత్తం పదేళ్ళకు పైగా బతికింది.

ఈ తొమ్మిదేళ్ళలో ఎవరినీ సోమరులనలేం. జూమ్లా బృందం మాట నిలబెట్టుకుంది. ఎక్స్‌టెన్షన్ రచయితలు తమకు చూపించిన దారినే నడిచారు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఎవరి వంతు వాళ్ళకు అంటింది. అసలు పొరపాటు 2012లోనే జరిగింది. ‘సగం వెడల్పు గడి’ అని చెప్పడానికి జూమ్లా తన సొంత పేరు ఒకటి ఇచ్చి ఉంటే, దాని వెనక బూట్‌స్ట్రాప్ 2 ఉందో 5 ఉందో ఎక్స్‌టెన్షన్‌కు అనవసరం. అలా ఇవ్వలేదు. బూట్‌స్ట్రాప్ వాళ్ళ పేరే జూమ్లా ఒప్పందంలో భాగమైపోయింది. ఆ ఒప్పందం కింద ఎవరూ సంతకం పెట్టలేదు, అయినా అందరూ దానికి కట్టుబడాల్సి వచ్చింది.

జూమ్లా 4 కొంత నేర్చుకుంది. ఏ మాడ్యూల్‌కు ఏ స్క్రిప్టు కావాలో ఒక జేసన్ ఫైల్లో ప్రకటించే పద్ధతి తెచ్చింది. హెచ్చరిక పెట్టెల వంటి వాటికి తన సొంత కస్టమ్ ఎలిమెంట్లు పెట్టింది. కాని క్లాసు పేర్ల విషయంలో మళ్ళీ బూట్‌స్ట్రాప్ పేర్లనే ఎక్స్‌టెన్షన్ల చేతికిచ్చింది. బూట్‌స్ట్రాప్ 6 వచ్చిన రోజున ఈ చర్చ మళ్ళీ మొదలవుతుంది.

ద్రూపల్ కథ మరో కోణం చూపిస్తుంది. 2011 జనవరి 5న విడుదలైన ద్రూపల్ 7లో జేక్వెరీ 1.4.4 ఉంది. అప్పటికి అది తాజాది. ద్రూపల్ 7కు మద్దతు ముగిసింది 2025 జనవరి 5న. సరిగ్గా పధ్నాలుగేళ్ళు ఆ సంఖ్య మారలేదు. కొత్త జేక్వెరీ కావలసినవాళ్ళకు జేక్వెరీ అప్‌డేట్ అనే అదనపు మాడ్యూల్ ఉండేది. దాని సెట్టింగుల పేజీలోనే ఈ సమస్య సారమంతా కనబడుతుంది: బయటి పేజీలకు ఒక వెర్షన్, అడ్మిన్ పేజీలకు వేరే వెర్షన్ ఎంచుకునే సౌకర్యం అందులో ఉంది. ఎందుకంటే కొత్త జేక్వెరీ పెడితే ముందు విరిగేవి అడ్మిన్ స్క్రీన్లే. సందర్శకులకు కొత్తది, సైటు తాళాలు చేతిలో ఉన్న నిర్వాహకుడికి పాతది. భద్రత దృష్టితో చూస్తే ఇది తలకిందుల ఏర్పాటు.

అయితే ద్రూపల్ భద్రతా బృందానికి న్యాయం చెయ్యాలి. 2019 ఏప్రిల్‌లో జేక్వెరీ 3.4.0 ఒక లోపాన్ని సవరించింది. అదే నెలలో ద్రూపల్ ఆ సవరణను వెనక్కి తీసుకొచ్చి, తన దగ్గరున్న 1.4.4కు కూడా అతికించింది. వెర్షన్ సంఖ్య మారలేదు, లోపల మందు పడింది. దీన్ని బ్యాక్‌పోర్ట్ అంటారు. పాత లైబ్రరీని వదిలించుకోలేని చోట ఇదే అన్నిటికన్నా బాధ్యతగల పని. దీని వల్ల ఒక చిక్కు కూడా వచ్చింది. ఆడిట్‌కు వాడే స్కానర్లలో చాలావరకు వెర్షన్ సంఖ్యనే చూస్తాయి. 1.4.4 కనబడగానే ఎర్ర గీత పడుతుంది, లోపల మందు పడిందో లేదో వాటికి తెలియదు.

దీనికి విరుద్ధమైనదీ జరుగుతుంది, అది మరింత ప్రమాదం. ఆడిట్ నివేదికలో ‘పాత జేక్వెరీ’ అని వస్తే, ఫైలు పైభాగాన ఉన్న వెర్షన్ వ్యాఖ్యను చెరిపేసి మళ్ళీ ఆడిట్‌కు పంపినవాళ్ళను నేను చూశాను. ఒక విద్యాసంస్థ హాజరు పోర్టల్‌లో అదే జరిగింది. రెండోసారి నివేదిక శుభ్రంగా వచ్చింది. పిల్లల ఫోన్ నంబర్లు, తల్లిదండ్రుల చిరునామాలు ఉన్న ప్యానెల్ అది. ఆ పని చేసిన కుర్రవాడి మీద కన్నా, అతనికి అప్‌గ్రేడ్ చెయ్యడానికి రెండు రోజులు కూడా ఇవ్వని పద్ధతి మీదే నాకు ఇప్పటికీ కోపం.

పాత లైబ్రరీ అయితే ఏమవుతుంది, పని చేస్తోంది కదా అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు చెప్పాలి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన జేక్వెరీ 3.5.0 రెండు లోపాలను సరిచేసింది. అంతకుముందు జేక్వెరీ ఒక హెచ్‌టీఎమ్ఎల్ ముక్కను పేజీలో పెట్టేముందు, తనంతట తాను ముగిసే ట్యాగులను తెరిచి మూసే జంటలుగా తిరగరాసేది. సౌకర్యం కోసం పెట్టిన ఏర్పాటు అది. కాని దాని వల్ల, సర్వర్‌లో వడకట్టి శుభ్రం చేసిన ముక్క కూడా ఈ తిరగరాతలో రూపం మారి, దాగి ఉన్న స్క్రిప్టు ప్రాణం పోసుకునే వీలుండేది. రెండో లోపం ఆప్షన్ ట్యాగుల చుట్టూ ఉంది. జేక్వెరీ 1.0.3 నుంచి ఉన్న లోపం అది. ఈ రెండోదాన్ని, సీవీఈ-2020-11023ను, అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2025 జనవరిలో ‘దాడుల్లో వాడుతున్నట్టు తెలిసిన లోపాల’ జాబితాలో చేర్చింది. సవరణ వచ్చిన దాదాపు అయిదేళ్ళకు.

ఈ రకం దాడి మామూలు పేజీలో జరిగితే ఒక సందర్శకుడికి నష్టం. అడ్మిన్ ప్యానెల్లో జరిగితే కథే వేరు. ఎవరో అపరిచితుడు ఫిర్యాదు ఫారంలో పేరు స్థానంలో ఒక విషపు ముక్క రాసి పంపుతాడు. అది డేటాబేస్‌లో కదలకుండా కూర్చుంటుంది. మర్నాడు ఉదయం అధికారి వచ్చి ఫిర్యాదుల జాబితా తెరుస్తాడు. ఆ ముక్క అప్పుడు అధికారి బ్రౌజర్‌లో, అధికారి లాగిన్‌తో, అధికారి హక్కులతో నడుస్తుంది. కొత్త యూజర్‌ను సృష్టించడం, ఫైలు ఎక్కించడం, జాబితా మొత్తం బయటికి పంపడం — ఏదైనా సాధ్యమే. అడ్మిన్ ప్యానెల్ లోపలిది కదా, బయటివాళ్ళు చూడరు కదా అన్న ధీమా ఈ కారణంగానే తప్పు. దాన్ని బయటివాళ్ళు చూడనక్కర్లేదు, వాళ్ళు రాసింది అది చూపిస్తే చాలు.

ఎంత విస్తృతంగా ఉంది ఈ వ్యాధి? అమెరికాలోని నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. 1,33,000 వెబ్‌సైట్లను పరిశీలించారు. లోపాలున్నట్టు అప్పటికే తెలిసిన లైబ్రరీ కనీసం ఒక్కటైనా 37 శాతం సైట్లలో కనిపించింది. వాడుతున్న వెర్షన్‌కూ తాజా వెర్షన్‌కూ మధ్య ఎడం ఏళ్ళలో ఉందని తేల్చారు. సైటు యజమాని నేరుగా పెట్టుకున్న లైబ్రరీల కన్నా, మరో స్క్రిప్టు వెంటబెట్టుకొచ్చిన లైబ్రరీల్లో లోపాలు ఎక్కువని కూడా వాళ్ళు గమనించారు. ఆ సంఖ్యలు బయటి పేజీలవి. లాగిన్ వెనక ఉన్న అడ్మిన్ ప్యానెళ్ళను అలా కొలవడం బయటి పరిశోధకులకు కుదరదు.

గుట్టు దాచినవాళ్ళున్నారన్నాను. జాంగో అందులో మొదటిది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే వార్తాపత్రిక కార్యాలయంలో పుట్టి, 2005లో బయటికి వచ్చిన ఫ్రేమ్‌వర్క్ అది. దాని అడ్మిన్‌లోకి జేక్వెరీ 2010లో, జాంగో 1.2 వెర్షన్‌తో వచ్చింది. అయితే డాలర్ గుర్తును ఆక్రమించలేదు. జేక్వెరీని జాంగో సొంత పేరు కిందకు మార్చి పెట్టుకుంది. మీ సైటు మీ జేక్వెరీ తెచ్చుకోవచ్చు, అడ్మిన్‌ది అడ్మిన్ దగ్గరే ఉంటుంది, ఒకదానికొకటి తగలవు. పాత బ్రౌజర్‌లో, మాడ్యూళ్ళు లేని రోజుల్లో, రెండు మూడు వరుసల కోడ్‌తో ఆ పని అయింది. దాని ఫలితం విడుదల పత్రాల్లో కనబడుతుంది: జాంగో 1.9లో జేక్వెరీ 2.1.4, 2.1లో 3.3.1, 3.1లో 3.5.1, 4.0లో 3.6.0. ఒక్కో మెట్టూ ఒక్కో వాక్యం, పెద్ద గొడవలేమీ లేవు.

జాంగో కూడా పూర్తిగా తప్పించుకోలేదు. ఆ ప్రత్యేక పేరును పట్టుకుని బయటి ప్యాకేజీలు రాసుకున్నవాళ్ళు చాలామంది. అందుకే 2022లో వచ్చిన 4.1లో మరో అడుగు వేశారు: ఫారం వరుస చేర్చినప్పుడు, తీసేసినప్పుడు వచ్చే ఈవెంట్లను జేక్వెరీ ఈవెంట్లుగా కాక బ్రౌజర్ సొంత ఈవెంట్లుగా మార్చారు. జేక్వెరీ రేపు పోయినా ఆ ఒప్పందం నిలుస్తుంది. ఇది చిన్న మార్పే, దీని గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. నా దృష్టిలో మాత్రం మొత్తం ఈ రంగంలో జరిగిన అత్యంత తెలివైన పనుల్లో ఒకటి.

వర్డ్‌ప్రెస్ కూడా 2020 దెబ్బకు ముందే ఒక వైపు పాఠం నేర్చుకుంది. 2017 సెప్టెంబరులో రియాక్ట్ లైసెన్సులోని పేటెంటు షరతు మీద వివాదం వచ్చి, రియాక్ట్‌ను వదిలేస్తామని వర్డ్‌ప్రెస్ సహవ్యవస్థాపకుడు మాట్ ములెన్‌వెగ్ ప్రకటించాడు. కొద్ది రోజుల్లోనే ఫేస్‌బుక్ లైసెన్సు మార్చింది, రియాక్ట్ ఉండిపోయింది. 2018 డిసెంబరులో కొత్త ఎడిటర్ వచ్చేసరికి రియాక్ట్ పైన వర్డ్‌ప్రెస్ తన సొంత పొర వేసుకుంది. ప్లగిన్లు ఆ పొరను పిలవాలి, రియాక్ట్‌ను కాదు. ఆ పొర పూర్తిగా మూసిన తలుపు కాదు, రియాక్ట్ పేరు పక్కనే గ్లోబల్‌గా దొరుకుతుంది. అయినా 2023 మార్చిలో 6.2తో రియాక్ట్ 18కు మారినప్పుడు 2020 నాటి గోల రాలేదు.

మన దేశంలో పుట్టి ప్రపంచమంతా వాడుతున్న ఫ్రాప్పే సంగతి కూడా చెప్పుకోవాలి. ముంబయిలో మొదలైన ఈ ఫ్రేమ్‌వర్క్ మీదే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్ నడుస్తుంది. ఫ్రాప్పే అడ్మిన్ ప్యానెల్ అయిన డెస్క్ జేక్వెరీ, బూట్‌స్ట్రాప్‌ల మీద కట్టినది. కొత్త యాప్‌లకు మాత్రం వ్యూ మీద కట్టిన వేరే సామగ్రి ఉంది. ఫ్రాప్పేలో నాకు నచ్చినది ఫారం స్క్రిప్టుల పద్ధతి. ఒక గడిని దాచాలన్నా, విలువ మార్చాలన్నా ఫ్రాప్పే సొంత ఫంక్షన్లు ఉన్నాయి. వాటితో రాసిన స్క్రిప్టు వెనక ఏ లైబ్రరీ ఉన్నా నడుస్తుంది. తొందరలో డాలర్ గుర్తుతో పేజీలోని గడిని నేరుగా తడిమి రాసిన స్క్రిప్టులే వెర్షన్ మారినప్పుడల్లా పగులుతాయి. హైదరాబాద్, విజయవాడల్లో చిన్న కంపెనీలకు ఈఆర్‌పీనెక్స్ట్ పెట్టి ఇచ్చే మిత్రులు ఈ తేడాను గట్టిగా పాటిస్తే సగం రాత్రుళ్ళు మిగులుతాయి.

జేక్వెరీని పూర్తిగా విసిరేసి ఆధునిక ఫ్రేమ్‌వర్క్‌లో తిరగరాస్తే సరిపోతుందని వాదించేవాళ్ళు చాలామంది. పదేళ్ళుగా వింటున్న వాదన ఇది. యాంగ్యులర్‌జేఎస్‌లో తిరగరాసినవాళ్ళకు 2021 డిసెంబరు 31న మద్దతు పోయింది. వ్యూ 2లో తిరగరాసినవాళ్ళకు 2023 డిసెంబరు 31న పోయింది. 1.4.4 పెట్టుకున్న ద్రూపల్ 7 వీటి రెండిటికన్నా ఎక్కువ కాలం మద్దతుతో బతికిందన్నది ఆలోచించవలసిన విషయం. కొత్త లైబ్రరీని కూడా గుట్టు లేకుండా అందరి చేతికీ ఇస్తే, అది పాతబడిన రోజున ఇదే గొయ్యి. మజెంటో 2 ఇందుకు సాక్ష్యం. 2015లో రిక్వైర్‌జేఎస్, నాకౌట్‌లతో పూర్తిగా మాడ్యూలర్‌గా కట్టామన్నారు. అయినా దాని అడ్మిన్‌లో అంతకుముందు తరం ప్రొటోటైప్ లైబ్రరీ కూడా మిగిలే ఉంది.

రెండో శిబిరం బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌నే తగ్గించమంటుంది. రైల్స్ ఫ్రేమ్‌వర్క్ 2017లో 5.1తో జేక్వెరీని తప్పనిసరి జాబితాలోంచి తీసేసింది, 2021 చివర 7తో సర్వర్ నుంచే హెచ్‌టీఎమ్ఎల్ పంపే హాట్‌వైర్ పద్ధతికి మళ్ళింది. అడ్మిన్ ప్యానెళ్ళ వరకు నేను ఈ శిబిరం వైపే మొగ్గుతాను. జాబితా, ఫారం, వడపోత, సేవ్ బటన్ — నిత్యం వాడేది ఇంతే. దీనికి అయిదు వందల ప్యాకేజీల చెట్టు అక్కర్లేదు.

ఎప్పుడూ తాజా వెర్షన్‌లో ఉండటమే మందు అనుకుంటే అదీ పొరపాటే. 2024లో పాలిఫిల్ అనే ఉచిత సేవ డొమైన్ చేతులు మారింది. జూన్ నాటికి ఆ చిరునామా నుంచి స్క్రిప్టు తెచ్చుకుంటున్న లక్షకు పైగా సైట్లలోకి దురుద్దేశపు కోడ్ వచ్చి చేరింది. ఆ సైట్లు చేసిన తప్పల్లా తమ ఇంట్లో ఉంచుకోవలసిన ఫైలును ఊరి చివర మనిషి రోజూ తెచ్చి ఇస్తాడని నమ్మడమే. 2025 సెప్టెంబరులో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భండారం ఎన్‌పీఎమ్‌లో, వారానికి వందల కోట్ల సార్లు డౌన్‌లోడయ్యే ప్యాకేజీల నిర్వాహకుడొకరు మోసపు ఈమెయిల్‌కు చిక్కాడు. కొద్ది గంటలపాటు ‘తాజా’ వెర్షన్లే విషమయ్యాయి. ఆ గంటల్లో అప్‌డేట్ చెయ్యనివాళ్ళే క్షేమంగా ఉన్నారు. అంటే కావలసింది వేగం కాదు, మార్చుకోగల సత్తా. లోపం బయటపడిన రోజున మారగలగాలి. అనుమానం ఉన్న రోజున ఆగగలగాలి. వెర్షన్లను లాక్ ఫైల్లో బిగించి, ఫైళ్ళను మన సర్వర్‌లోనే ఉంచుకుని, అప్‌గ్రేడ్‌ను ముందు పరీక్ష సర్వర్‌లో నడిపి చూసే ఇంట్లోనే ఈ రెండూ సాధ్యం.

మన ఊళ్ళలో కాలేజీలకు, ఆసుపత్రులకు, సహకార సంఘాలకు తయారయ్యే ప్యానెళ్ళు చాలావరకు రెడీమేడ్ టెంప్లేట్ల మీద నిలబడ్డవి. అడ్మిన్ఎల్‌టీఈ వంటి ఉచిత టెంప్లేటు దించుకుంటే అందులో పట్టికలకు ఒక ప్లగిన్, తేదీలకు ఒకటి, గ్రాఫులకు ఒకటి, డజన్ల కొద్దీ వస్తాయి. వాడేవి నాలుగు, సర్వర్‌లోకి ఎక్కేవి అన్నీ. దాని రెండో తరం బూట్‌స్ట్రాప్ 3 మీద, బోవర్ అనే సాధనం ఫోల్డర్లతో ఉండేది. బోవర్ తనే 2017లో కొత్త ప్రాజెక్టులకు వేరే సాధనం వాడమని చెప్పేసింది. బూట్‌స్ట్రాప్ 3కు మద్దతు 2019లో ముగిసింది. టెంప్లేటు రచయితలు తర్వాతి తరాలకు మారారు. కాపీ చేసి తెచ్చుకున్న ఫోల్డరుకు మాత్రం ఆ వార్త అందదు. తన పుట్టిల్లు ఎక్కడో దానికి తెలియదు. ప్యాకేజీ సాధనం ద్వారా తెచ్చుకుంటే కనీసం ఏది పాతదో ఒక్క ఆదేశంతో తెలుస్తుంది. జిప్ ఫైలు విప్పి అతికించిన చోట అదీ ఉండదు.

ప్రభుత్వ సైట్ల విషయంలో కొంత కదలిక ఉంది. ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ సర్వర్లలో పెట్టే సైటుకు, కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జాబితాలోని ఆడిటర్ ధ్రువపత్రం తప్పనిసరి. 2024 అక్టోబరులో సెర్ట్-ఇన్, ప్రతి సాఫ్ట్‌వేర్‌తోపాటు అందులోని భాగాల జాబితా ఇవ్వడం గురించి మార్గదర్శకాలు విడుదల చేసింది. మందు సీసా మీద దినుసులు రాసినట్టు, ఏ లైబ్రరీ ఏ వెర్షన్‌లో ఉందో రాసి ఇవ్వాలన్నది దాని సారం. యూరప్‌లో సైబర్ రెసిలియెన్స్ చట్టం 2027 డిసెంబరు నుంచి ఇలాంటి బాధ్యతలను తయారీదారుల మీద చట్టబద్ధంగా మోపుతుంది. యూరప్ మార్కెట్‌కు ఉత్పత్తులు తయారుచేసే హైదరాబాద్ కంపెనీలకు కూడా అది తగులుతుంది.

ఆడిట్ ఒక్క రోజు ఫొటో మాత్రమే. ఆ రోజు శుభ్రంగా ఉన్న ప్యానెల్ ఆరు నెలల తర్వాత ఎలా ఉంటుందో అది చెప్పదు. అందుకే టెండరు పత్రాలు, కాంట్రాక్టులు రాసే అధికారులకు, కాలేజీ యాజమాన్యాలకు ఒక విన్నపం. ప్యానెల్ కట్టడానికి ఇచ్చే డబ్బులో కొంత భాగాన్ని ఏటా లైబ్రరీల అప్‌గ్రేడ్‌కు వేరుగా రాయండి. భాగాల జాబితాను సోర్స్ కోడ్‌తోపాటు అడిగి తీసుకోండి. మాడ్యూళ్ళు రాసే మిత్రులకు ఒక మాట: మీ కోడ్‌లో డాలర్ గుర్తు ఎన్ని ఫైళ్ళలో నేరుగా కనబడుతుందో ఒకసారి వెతికి లెక్కపెట్టండి. ఆ పిలుపులన్నిటినీ మీదైన ఒక్క ఫైలు వెనక్కి నెట్టండి. ఒక వారం పని అది.

ఇక సైటు నడిపే పాఠకులు ఒక పని చెయ్యండి. మీ అడ్మిన్ ప్యానెల్లో ఏ జేక్వెరీ నడుస్తోందో బ్రౌజర్ కన్సోల్‌లో ఒక్క వరుసతో తెలుస్తుంది. 3.5.0 కన్నా తక్కువ సంఖ్య వస్తే, దానికి సవరణ అతికించారా లేదా అని మీ డెవలపర్‌ను ఈ వారంలోనే అడగండి.